‘బ్యాట్’ మాటకు వేర్ల బోర్డు: ప్రాజెక్టు డైరీ

మా ఊరి హైస్కూలు లైబ్రరీ గదిలో గోడకు పెట్టడానికి ఈ బోర్డు చేశాను. ఒక చిన్న ఇంగ్లిష్ మాట తీసుకుని, దాని అర్థాలేమిటో, అవి ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో కార్డులతో, రంగు దారాలతో చూపించడం పని. ఇంకెవరైనా చేసుకోవాలనుకుంటే పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, పని ఎక్కడ చెడిందో, ఏం మార్చాల్సి వచ్చిందో రాసి పెడుతున్నాను.

దశ 1: మాట ఎంపిక

ముందు పరిశీలించింది ‘సెట్’. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో, క్రియగా మాత్రమే దీనికి 400 పైచిలుకు అర్థాలున్నాయి. కొత్త కూర్పు పని మొదలయ్యాక ‘రన్’ దాన్ని దాటి 645కి చేరింది. నాలుగడుగుల బోర్డు మీద అవి పట్టవు. పైగా ఇలాంటి మాటలకు అర్థాలు వందల్లో ఉన్నా వేర్లు ఒకటో రెండో ఉంటాయి. నాకు కావలసింది దానికి పూర్తిగా వేరు. ఎక్కడెక్కడో పుట్టిన మాటలు కాలం గడిచేకొద్దీ ఒకే స్పెల్లింగులోకి వచ్చి చేరి ఉండాలి.

పెట్టుకున్న షరతులు:

1. ఆరో తరగతి పిల్లలకు తెలిసిన మాట అయి ఉండాలి.
2. కనీసం మూడు వేర్వేరు వేర్లు ఉండాలి.
3. వాటిలో ఒకటైనా మన దేశం దాకా రావాలి.
4. చేత్తో పట్టుకుని చూసే వస్తువు ఒకటైనా దొరకాలి.

‘మోల్’ చాలా ఊరించింది. పుట్టుమచ్చ, బొరియలు తవ్వే జంతువు, రేవులో అలలను ఆపే గోడ, కెమిస్ట్రీ మోల్, మెక్సికో వాళ్ల సాస్ అన్నీ అదే స్పెల్లింగు. అయిదింటికి నాలుగు వేర్లు, ఎందుకంటే రేవు గోడ, కెమిస్ట్రీ మోల్ రెండూ ‘పెద్ద ముద్ద’ అనే అర్థమున్న లాటిన్ ‘మోలెస్’ పిల్లలే. కానీ మొదటి షరతు, మూడో షరతు కుదరలేదు. ‘బ్యాంక్’ రెండో షరతు దగ్గర పోయింది. నది గట్టు, డబ్బు దాచే బ్యాంకు పైకి ఎంత దూరంగా కనిపించినా వెనక్కి వెళితే ఒకే జర్మానిక్ మూలంలో కలుస్తాయి.

‘బ్యాట్’ నాలుగు షరతులూ దాటింది.

దశ 2: చీటీల సేకరణ

సామాను: పాత డైరీ కాగితాలు, కత్తెర, రబ్బరు బ్యాండ్లు. నేరుగా కంప్యూటర్‌లో షీటు తెరిచి మొదలుపెట్టవద్దు. బల్ల మీద చీటీలు పరిచి అటూ ఇటూ జరిపితే తెలిసేది స్క్రీన్ మీద తెలియదు.

ఒక్కో చీటీ మీద ముందు వైపు అర్థం, వెనక వైపు నిఘంటువు చెప్పిన మూలం. పెద్ద నిఘంటువు ఒకటి, మూలాల నిఘంటువు ఒకటి, మన దేశానికి సంబంధించిన వాటికి యూల్, బర్నెల్ కూర్చిన 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ వాడాను. అందులో మన మాటలు ఇంగ్లిష్ వాళ్ల నోట్లో ఎలా నలిగాయో చదువుతూ కూర్చుంటే అసలు పని వెనకబడుతుంది, ముందే హెచ్చరిస్తున్నా.

లెక్క: చీటీలు 54, ఖర్చు సున్నా.

దశ 3: అర్థాన్ని బట్టి వేరు చేయడం, అది ఎందుకు పనికిరాలేదో

మొదటి పద్ధతి అందరికీ తోచేదే. దగ్గరి అర్థాలన్నీ ఒక కుప్ప. ఎగిరేవి ఒక చోట, కొట్టేవి ఒక చోట, మిగతావి ఇంకో చోట.

రెండు కుప్పలు ఎంతకీ విడివిడిగా నిలబడలేదు. గబ్బిలం రెక్కలు కొట్టుకుంటుంది. క్రికెట్ బ్యాట్ బంతిని కొడుతుంది. కనురెప్ప కొట్టుకోవడానికి కూడా ఇంగ్లిష్‌లో ఇదే క్రియ. తెలుగులో అన్నింటికీ ‘కొట్టు’ సరిపోతుంది కాబట్టి బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాళ్లూ ‘ఇంకేముంది, అన్నీ ఒకటేగా’ అన్నారు. ఆ లెక్కన మూడు వేర్లు కాస్తా ఒకటై, ప్రాజెక్టే లేకుండా పోతుంది.

ఇంగ్లిష్ మాస్టారు ఒక్క ప్రశ్నతో దాన్ని కదిలించారు. ‘సరేనండీ, షేక్‌స్పియర్ తాతగారి కాలంలో దీన్ని ఏమనేవాళ్లు?’

అక్కడి నుంచి పద్ధతి మారింది. కొత్త వరస ఇది:

1. చీటీని బోర్లించాలి. అర్థం కనబడకూడదు.
2. వెనక వైపు, దొరికినంతలో అతి పాత రూపం రాయాలి.
3. దాని పక్కన ఆ రూపం కనిపించిన శతాబ్దం.
4. రూపాలను బట్టి మాత్రమే కుప్పలు వేయాలి.
5. అంతా అయ్యాకే తిప్పి చూడాలి.

గబ్బిలం చీటీ వెంటనే బయటికొచ్చేసింది. 14వ శతాబ్దంలో దాని పేరు ‘బక్కె’. స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. పాత డేనిష్‌లో ‘నాత్‌బక్కె’, అంటే రాత్రి తిరిగే ‘బక్కె’. 16వ శతాబ్దం రెండో సగానికి గాని చివర ‘క’ పోయి ‘ట’ రాలేదు. లాటిన్‌లో రాత్రి పురుగుకి ‘బ్లాట్టా’ అని ఉన్న మాట ప్రభావం అయ్యుంటుందని నిఘంటుకారుల అనుమానం. అంతకు ముందు పాత ఇంగ్లిష్‌లో దాన్ని ‘హ్రేరెమూస్’ అనేవాళ్లు. ‘మూస్’ అంటే ఎలుక, ముందు భాగం కదలడం, ఊగడం అనే క్రియ. ‘రేర్‌మౌస్’ రూపంలో అది షేక్‌స్పియర్ దాకా బతికింది. ఆయన నాటకాల్లో ఒక చోట పాతదీ, ఇంకో చోట కొత్తదీ రెండూ కనిపిస్తాయి. జర్మన్లు ఇప్పటికీ రెక్కలాడించే ఎలుక అంటారు, ఫ్రెంచి వాళ్లకది బట్టతల ఎలుక. ఎలుకను వదిలేసి ‘బక్కె’ను పట్టుకున్నది ఇంగ్లిష్ వాళ్లే.

కొట్టే బ్యాట్ పాత ఇంగ్లిష్ చివరి రోజుల నుంచే ‘బట్ట్’ రూపంలో ఉంది. అర్థం దుడ్డుకర్ర. ఐర్లండ్, స్కాట్లండ్ భాషల్లో కర్రకి ‘బాటా’ ఉంది కాబట్టి కెల్టిక్ నుంచి వచ్చి ఉండొచ్చు. లాటిన్ ‘బట్టుయెరె’ (కొట్టడం) నుంచి వచ్చిన ఫ్రెంచ్ ‘బాత్ర్’ కూడా మధ్యలో కలిసింది.

తిప్పి చూశాక అందరూ ఆగిపోయింది కనురెప్ప చీటీ దగ్గర. వేటగాడి చేతి మీద కట్టేసి ఉన్న డేగ ఎగిరిపోదామని రెక్కలు టపటపలాడిస్తే దాన్ని ‘బేట్’ అనేవాళ్లు. ఇది ఫ్రెంచ్ ‘బాత్ర్’ సంతానం. కనురెప్ప కొట్టుకోవడం దాని నుంచే వచ్చింది. అంటే రెక్కలు కొట్టుకోవడం అనే అర్థం నిజంగానే ‘కొట్టు’ కుటుంబంలో ఉంది, కానీ రెక్కలున్న గబ్బిలం మాత్రం అందులో లేదు. అర్థాన్ని నమ్ముకుంటే బోర్డంతా తలకిందులయ్యేది.

లెక్క: చీటీలు 54. గబ్బిలం కింద 8, కొట్టే కుటుంబం 24, ఫ్రెంచ్ గంత కింద 3 (దీని సంగతి దశ 6లో), చిల్లర వేర్లు 6, ఎటూ తేలనివి 13.

దశ 4: తీసేసినవి

54 కార్డులు పట్టవని కొలిచాక తేలింది. బోర్డు 1220 × 915 మి.మీ. కార్డు 90 × 55 మి.మీ., అంటే విజిటింగ్ కార్డు సైజు. ప్రెస్సులో కోసే మిషను ఆ కొలతకే సిద్ధంగా ఉంటుంది, వేరే సైజు అడిగితే రేటు పెరుగుతుంది. కార్డుకీ కార్డుకీ మధ్య కనీసం 50 మి.మీ. ఉంటే తప్ప దారం నడవదు. అంచులు పోగా అడ్డంగా 8, నిలువుగా 8. 64 గళ్లు వచ్చినట్టు కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ మూడో వంతు గళ్లు దారాల దారికే పోతాయి. చేతికి మిగిలేవి 43.

తీసేసినవాటిలో పొడి అక్షరాలు 4: బ్రిటిష్ అమెరికన్ టొబాకో అనే సిగరెట్ల కంపెనీ పొట్టి పేరులాంటివి మాటలు కావు. మనుషుల, ఊళ్ల పేర్లు 3: 1835లో మెల్‌బోర్న్ పునాది రోజుల్లో ముఖ్యుడైన జాన్ బ్యాట్‌మన్, టర్కీలో బాట్మాన్ నగరం వగైరా. పిల్లలు ఆ నగరం కార్డు తీయొద్దని గొడవ చేశారు, అయినా తీసేశాను. ఒకే అర్థం రెండుసార్లు వచ్చినవి 5.

లెక్క: 54 − 12 = 42. తేలని 13లో ఇప్పుడు 2 మాత్రమే మిగిలాయి.

గబ్బిలం వరసలో అన్నిటికన్నా పైన పాత పేరు ‘రేర్‌మౌస్’కి ఒక కార్డు కలిపాను. స్పెల్లింగు కలవకపోయినా, ఆ చోటు ఒకప్పుడు ఎవరిదో తెలియాలి. 43.

దశ 5: బోర్డు, దారాలు, ముద్రణ

సాఫ్ట్‌బోర్డు 12 మి.మీ. మందం, అల్యూమినియం ఫ్రేముతో 1,600 రూపాయలు. డ్రాయింగ్ పిన్నులు వాడితే దారం లాగినప్పుడు ఊడి కింద పడ్డాయి, వాటి మేకు పొట్టి. పుష్ పిన్నులకు మార్చాక నిలబడ్డాయి, 140 రూపాయలు. బడిలో చెప్పులు బయట విప్పే గదైతే ఈ తేడా ఇంకా ముఖ్యం.

ఉన్ని దారం మెత్తగా, రంగులు బాగా కనిపిస్తాయని తెచ్చాం, 90 రూపాయలు. బిగించిన రోజు తీగలా ఉంది. వారం తిరక్కుండా 60 సెం.మీ. దూరానికి మధ్యలో 3 సెం.మీ. కిందికి వేలాడి, కొట్టే కుటుంబం దారం గబ్బిలం కార్డుల మీద పడుకుంది. చూసేవాడికి క్రికెట్ బ్యాట్ గబ్బిలం నుంచి పుట్టినట్టే కనిపిస్తుంది. దాన్ని తీసేసి క్రోషే అల్లే నూలు దారం తెచ్చాం, 120 రూపాయలు. దానికి రెండు జాగ్రత్తలు:

1. పిన్ను చుట్టూ రెండు చుట్లు వేశాకే ముడి.
2. 40 సెం.మీ. దాటిన ప్రతి దారానికీ మధ్యలో ఒక పిన్ను ఆధారం.

దారాల భాష: నిఘంటువులన్నీ ఒప్పుకున్న సంబంధానికి నిండు దారం. ‘అయ్యుండొచ్చు’ అన్నచోట సెంటీమీటరు వదిలి సెంటీమీటరు కుట్టిన తునక దారం. ఈ రెండో రకం లేకపోతే బోర్డు అబద్ధం చెబుతుంది. కొట్టే బ్యాట్‌కి కెల్టిక్ కర్ర నుంచి తునక దారమే వెళ్లింది.

రంగులు: గబ్బిలం నలుపు, కొట్టే కుటుంబం ఎరుపు, గంత నీలం, మన దేశానివి పసుపు, రొట్టెల పొయ్యి (దీని సంగతి దశ 9లో) ఆకుపచ్చ.

ఇక ముద్రణ. తెలుగు ఫైలు ఇస్తే ప్రెస్సులో యూనికోడ్ కాని పాత ఫాంటులోకి మార్చారు. మామూలు మాటలు బాగానే వచ్చాయి, పొల్లులున్నవన్నీ పాడయ్యాయి. ‘బ్రిక్‌బ్యాట్’లో ‘క్’ పొల్లుగా ఆగాలి. దాని వెనక కంటికి కనబడని, అక్షరాలను కలవనివ్వని గుర్తు ఒకటి (జీరో విడ్త్ నాన్ జాయినర్) ఉంటుంది. అది రాలిపోవడంతో ‘బ’ వెళ్లి ‘క’ కింద వత్తుగా కూర్చుంది. ‘రేర్‌మౌస్’ పరిస్థితీ అంతే. 43 కార్డుల్లో 19 చెత్తబుట్టలోకి పోయాయి. మళ్లీ మొత్తం షీటే వేయించాలి, సగం షీటుకి వేరే రేటు లేదట.

రెండోసారి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో అక్షరాలన్నిటినీ గీతలుగా (పాత్‌లుగా) మార్చి పీడీఎఫ్ ఇచ్చాం. ఫాంటు గొడవే ఉండదు. ఒక్క ఇబ్బంది, తర్వాత అక్షరం దిద్దాలంటే కుదరదు, కాబట్టి మార్చకముందు ఫైలు వేరే పేరుతో దాచుకోవాలి. తలమాట 24 పాయింట్లు, అర్థం 14 పాయింట్లు. బల్లకి అవతల నిలబడి చదవడానికి 12 చాలదు.

లెక్క: బోర్డు 1,600 + పిన్నులు 140 + ఉన్ని 90 + క్రోషే దారం 120 + రెండు ముద్రణలు 520 = 2,470 రూపాయలు. పరిచిన దారం సుమారు 31 మీటర్లు.

దశ 6: గంత, బత్తా, బాత్

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిన మూల ఇదే.

బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరు దగ్గర పనిచేసే సిపాయిని ‘బ్యాట్‌మన్’ అనేవాళ్లు. 1939లో కామిక్ పుస్తకంలో పుట్టిన గబ్బిలం వేషపు హీరోకీ ఇతనికీ సంబంధం లేదు. సిపాయి మాటలోని మొదటి సగం ఫ్రెంచ్ ‘బా’, అంటే బరువులు మోసే జంతువు వీపు మీద వేసే గంత. ఆ గుర్రాన్ని చూసుకునేవాడు బ్యాట్‌మన్. సామాను మోతకు ఆఫీసర్లకిచ్చే డబ్బు ‘బ్యాట్-మనీ’.

ఇక్కడ మన ‘బత్తా’ అడ్డొస్తుంది. ‘డ్రైవర్ బత్తా’ అని ఇప్పటికీ ట్రావెల్స్ బిల్లులో రాస్తారు. సినిమా వాళ్లు ‘బేటా’ అంటారు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జీతం పైన ఇచ్చే అదనపు భత్యం ఇది. 1766లో రాబర్ట్ క్లైవ్ బెంగాల్‌లో డబుల్ బత్తా తీసేస్తే ఆఫీసర్లు మూకుమ్మడి రాజీనామాలకు దిగారు. 1828లో గవర్నర్ జనరల్ బెంటింక్ సగానికి కోస్తే మళ్లీ అదే రగడ. హాబ్సన్-జాబ్సన్ దీన్ని కన్నడ ‘భత్త’, సంస్కృత ‘భక్త’ల వైపు తీసుకెళుతుంది. కన్నడంలో అది వడ్లు, సంస్కృతంలో అన్నం. మన ‘బత్తెం’ కూడా ఆ ఇంటిదే అయ్యుండొచ్చు.

చిక్కేమిటంటే బ్యాట్-మనీ సైనికుల అలవెన్సు, బత్తా కూడా సైనికుల అలవెన్సు. ఉచ్చారణ దగ్గర, అర్థం ఇంకా దగ్గర, వాడినవాళ్లు ఒకే సైన్యంలో మనుషులు. సహజంగానే కాగితాల్లో కలిసిపోయాయి. పాత రూపం చూస్తే ఒకటి గంత, ఒకటి అన్నం. దశ 3 నియమం ప్రకారం రెండు కుప్పలు. అలాగని దారమే లేకపోతే జనం కలిపేసిన చరిత్ర దాగిపోతుంది.

మార్పు: మూడో రకం దారం కలిపాం. రెండు కొసలకీ ముడి వేయకుండా వదులుగా తగిలించిన బూడిద రంగు దారం. దీని అర్థం ‘పుట్టుక వేరు, వాడుకలో కలగలిశాయి’. బోర్డు మొత్తంలో ఇలాంటిది ఒక్కటే ఉంది. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ అడిగేది దీని గురించే.

పసుపు దారంలో రెండోది హిందీ ‘బాత్’, అంటే మాట. 19వ శతాబ్దంలో ఇక్కడున్న తెల్ల సిపాయిలు దేశభాష మాట్లాడటాన్ని ‘స్లింగ్ ద బ్యాట్’ అనేవాళ్లు. ‘త’ వాళ్లకి ‘ట’ అయింది, స్పెల్లింగు వెళ్లి గబ్బిలం స్పెల్లింగులో పడింది. ఇది ఎక్కువ కాలం బతకలేదు, కార్డు చిన్నదే.

బాట్మాన్ అనే పాత తూకపు కొలత టర్కీ, ఇరాన్ వైపుది. ఎవరితోనూ దారం లేదు, ఒంటి పిన్ను.

దశ 7: ఎరుపు మూల

43లో 25 కార్డులు ఇక్కడే. ఇంట్లో దోసె బ్యాటరు, టార్చిలో బ్యాటరీ, యుద్ధానికి బ్యాటిల్, బెటాలియన్, కాంబ్యాట్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిబేట్, టీవీ డిబేట్ అన్నీ లాటిన్ ‘బట్టుయెరె’ కిందివే. టీవీ చూసేవాళ్లకి ఆఖరిదాని మూలం వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీ మొదట ఫిరంగుల వరస. 18వ శతాబ్దం మధ్యలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కరెంటు నిలవ చేసే గాజు జాడీల వరసకి ఆ పేరు పెట్టాడు, అక్కడి నుంచి గోడ గడియారంలోకి వచ్చింది.

దోసె బ్యాటర్ పక్కనే ఇంకో ‘బ్యాటర్’. 2021లో క్రికెట్ చట్టాలు చూసే ఎంసీసీ ‘బ్యాట్స్‌మన్’ తీసేసి ఆడవాళ్లకీ మగవాళ్లకీ పనికొచ్చేలా ‘బ్యాటర్’ పెట్టింది. పిండి బ్యాటర్ ఫ్రెంచ్ నుంచి నేరుగా వచ్చింది. ఆట బ్యాటర్ ఇంగ్లిష్ బ్యాట్‌కి తోక తగిలిస్తే వచ్చింది. రెంటి మధ్యా తునక దారం.

బ్రిక్‌బ్యాట్‌కి కార్డు సరిపోదనిపించి బోర్డు కింద అరలో అసలు ఇటుక ముక్కలు పెట్టాం. విరిగిన ముక్కకి ‘బ్యాట్’ అనే అర్థం కూడా దుడ్డుకర్ర కిందికే వస్తుంది. సివిల్ డిప్లొమా చదివినవాళ్లకి హాఫ్ బ్యాట్, త్రీ క్వార్టర్ బ్యాట్ కొత్త కాదు. గోడలో నిలువు అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా వరస చివర వాడతారు. డాబా మీద నీరు దిగకుండా పరిచే బ్రిక్‌బ్యాట్ కోబాలోనూ ఇవే. పేపర్లో ‘బ్రిక్‌బ్యాట్స్’ అంటే తిట్లు అయింది జనం వాటిని విసరబట్టి.

ఇటుక కోత:

1. తొమ్మిది అంగుళాల ఇటుకని నీళ్లలో బాగా నానబెట్టాలి. పొడిగా కొడితే అడ్డదిడ్డంగా పగులుతుంది, అలా పగిలినవి నాలుగంగుళాల నుంచి అయిదు దాకా వచ్చాయి.
2. నాలుగున్నర దగ్గర నాలుగు వైపులా పెన్సిల్ గీత.
3. గీత మీద వెడల్పాటి ఉలితో నెమ్మదిగా గాడి, నాలుగు పక్కలా.
4. ఇసుక మీద పెట్టి ఒకే దెబ్బ.

మేస్త్రి ఇదంతా చేసి పెట్టి, ‘అర ఇటుకని బ్యాటంటారా సార్? మరి బంతేదీ?’ అన్నాడు. ఆ మాట అర పక్కన రాసి అంటించాం.

దశ 8: 108 మి.మీ. గేజ్

నాలుగో షరతు కోసం చేసిన వస్తువు. 1771లో ఇంగ్లండ్‌లో చెర్ట్సీ జట్టు ఆటగాడు థామస్ వైట్ హాంబుల్డన్ మీద ఆటకి వికెట్లంత వెడల్పున్న బ్యాట్ పట్టుకొచ్చాడు. ఎదుటివాళ్లు లబోదిబోమన్నారు. వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదన్న హద్దు అప్పుడే వచ్చి, 1774 నిబంధనల్లోకి ఎక్కింది. ఈ రోజుకీ అదే, 108 మి.మీ. మందానికి మాత్రం 2017 దాకా హద్దు లేదు. ఇప్పుడు 67 మి.మీ., అంచు 40 మి.మీ. హాంబుల్డన్ వాళ్లు బ్యాట్లు కొలవడానికి ఇనుప గేజ్ పెట్టుకున్నారు. మేం ప్లైవుడ్‌తో చేశాం.

కొలత: 12 మి.మీ. ప్లై, పలక 180 × 130 మి.మీ. మధ్యలో పై నుంచి 108 వెడల్పు, 75 లోతు గాడి. ఇరువైపులా 36 మిగులుతుంది.

జిగ్‌సాతో గీత మీదే కోస్తే గాడి నోటి దగ్గర 108 ఉంది, అడుగున 109.6. బ్లేడు లోపలికి వెళ్లేకొద్దీ పక్కకి వంగుతుంది. టేపుతో కొలిచినప్పుడు తెలియలేదు, వెర్నియర్ పెడితే బయటపడింది. ఆ పలక పక్కన పెట్టి, రెండోదాన్ని 106కి కోసి, ఆకురాయితో, గరుకు కాగితంతో 108కి తెచ్చాం. ప్రతి పదిసార్ల రుద్దుడుకీ పైన, మధ్య, అడుగు, మూడు చోట్లా కొలత.

వానలు పడ్డాక చూస్తే 107.4. కోసిన అంచు నుంచి ప్లై తేమ పీల్చింది. నిబంధన ప్రకారమున్న మంచి బ్యాట్ కూడా ఇరుక్కుపోయి పిల్లలు లాక్కోలేకపోయారు. ఎండలో రెండు రోజులు పెట్టి, మళ్లీ రుద్ది, అంచులకి రెండు పూతలు వార్నిష్. ఆ తర్వాత కదల్లేదు. మామూలు ప్లై వాడితే వార్నిష్ ముందే వేయండి, పూత మందానికి చోటుండేలా గాడి 108.2 దాకా ఉంచుకోవాలి.

లెక్క: బ్లేడు 60, గరుకు కాగితం, వార్నిష్ 40. మొత్తం 2,570 రూపాయలు. ప్లై ముక్క ఊరికే దొరికింది.

దశ 9: ఆకుపచ్చ దారం, మిగిలినవి

కంప్యూటర్ల క్లాసులో ‘బ్యాట్ ఫైల్’ కార్డు అడిగారు. ఆజ్ఞలన్నీ ఒక వరసలో రాసిపెట్టే బ్యాచ్ ఫైలుకి చివర వచ్చే మూడక్షరాలు. పొడి అక్షరాలు తీసేయాలన్న నియమం ఉంది కానీ ఇది ఒక మాటని కురచ చేసింది కాబట్టి ఉంచాం. బ్యాచ్ అంటే మొదట్లో ఒక్కసారి పొయ్యిలో పెట్టి కాల్చిన రొట్టెలు. ‘బేక్’తో చుట్టరికం. రెండు కార్డులు, ఒక చిన్న దారం.

తేలని రెండు: రజాయిలో పరిచే దూది పొర (బ్యాట్ అనే అంటారు), తాగి తందనాలాడటం అనే అమెరికా వాడుక. దూదిది కొట్టే కుటుంబం పక్కనే ఉంచాను, దారం లేకుండా.

మళ్లీ చేసేవాళ్లకి వరస:

1. చీటీలు ముందు, కంప్యూటర్ తర్వాత.
2. పాత రూపం చూడకుండా కుప్ప వేయొద్దు.
3. గళ్ల లెక్క వేసి, మూడో వంతు దారాలకి వదిలాకే కార్డులు ఖాయం చేయాలి.
4. అక్షరాలు గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వాలి, ముద్రణకి ముందు పొల్లున్న ప్రతి కార్డూ చూడాలి.
5. తునక దారం, వదులు దారం మొదటి రోజే ఏర్పాటు చేసుకోవాలి.

ఆఖరి లెక్క: కార్డులు 43. నలుపు 8, ఎరుపు 25, నీలం 3, పసుపు 2, ఆకుపచ్చ 2, ఒంటి పిన్ను 1, తేలనివి 2. ఖర్చు 2,570కి తోడు గేజ్‌కి గొలుసు 30, మొత్తం 2,600 రూపాయలు. గొలుసు తప్పనిసరి, లేకపోతే గేజ్ గ్రౌండ్‌లోనే ఉంటుంది.